1993 మార్చి మంచు తుపాను: హిమపాతం ఐదు రోజుల ముందే తెలిసింది, ఉప్పెన సంగతి ఎందుకు తెలియలేదు?

దివిసీమ తీరం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా ఫ్లోరిడా రాష్ట్రంలోని తాలహాసీలో ఉంటున్నాను. మా స్వస్థలం అవనిగడ్డ దగ్గరి పల్లె. గత నెలలో మా అమ్మగారిని కీటన్ బీచ్ చూపించడానికి తీసుకువెళ్లాను. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 నాటికి ఆవిడకు పందొమ్మిదేళ్లు. ఆ రాత్రి తన ఇద్దరు తమ్ముళ్లను పోగొట్టుకున్నారు. కీటన్ బీచ్‌లో నీళ్లలోకి చాలా దూరం నడిచినా మోకాలి లోతు దాటకపోవడం చూసి, ఒడ్డున మైళ్ల కొద్దీ పరుచుకున్న చిత్తడి గడ్డి నేలలను చూసి, ఆవిడ ఒక్కసారిగా ఆగిపోయి, "ఇది మన హంసలదీవి సముద్రంలాగే ఉందిరా, ఇక్కడ ఉప్పెన లేస్తే అడ్డేదీ ఉండదు" అన్నారు.

ఆవిడ మాట అక్షరాలా నిజం. టేలర్ కౌంటీలోని ఈ తీరాన్నే 2023 ఆగస్టులో ఇడాలియా, 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్లు తాకాయి. హెలీన్ తెచ్చిన ఉప్పెన ఈ ప్రాంతంలో 15 అడుగులు దాటింది. అయితే అక్కడ చేపలు పట్టుకునే ఒక పెద్దాయన మాతో మాట్లాడుతూ, తమ ఊళ్లు మనుషులను పోగొట్టుకున్నది హరికేన్‌లో కాదనీ, 1993 మార్చిలో వచ్చిన మంచు తుపానులో అనీ చెప్పినప్పుడు నేను నమ్మలేకపోయాను. ఇంటికి వచ్చి చదివితే, మార్చి 13 తెల్లవారుజామున సముద్రం 12 అడుగుల ఎత్తున ఇళ్లలోకి వచ్చిందనీ, నిద్రలో ఉన్నవారు నీటి చప్పుడుకు లేచారనీ తెలిసింది. అదే తుపాను గురించి చదివిన ప్రతి చోటా మొదటి వాక్యం మాత్రం "ఐదు రోజుల ముందే చెప్పగలిగిన చరిత్రాత్మకమైన అంచనా" అనే ఉంది. ఈ రెండూ ఒకే తుపానుకు ఎలా పొసుగుతాయో వాతావరణ శాస్త్రం తెలిసిన సభ్యులు వివరించాలని కోరుతున్నాను.

ఐసోబారు

మంచి ప్రశ్న వేశారు. నేను మేరీల్యాండ్‌లో వాతావరణ శాస్త్రం చదివాను, ఇప్పటికీ ఆ రంగంలోనే ఉన్నాను కనుక నాకు తెలిసినంత వరకు చెబుతాను. ముందుగా ఆ తుపాను ఎలా పుట్టిందో చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు సమాధానం అది పుట్టిన చోటులోనే ఉంది.

మార్చి నెలలో అమెరికా ఖండం మీద రెండు ఋతువులు ఒకేసారి ఉంటాయి. ఉత్తరాన కెనడా మైదానాల మీద ధ్రువ ప్రాంతపు చలిగాలి ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో నీళ్లు అప్పటికే వెచ్చబడుతూ గాలిలోకి తేమను విరివిగా అందిస్తుంటాయి. శీతకాలపు తుపానుకు బలం ఈ రెండింటి నడుమ ఉన్న ఉష్ణోగ్రత తేడా నుంచి వస్తుంది. మన బంగాళాఖాతపు తుపానులా కేవలం వెచ్చని సముద్రం నుంచి వచ్చే బలం కాదది. అందుకే సీజను ముగిసిపోయిందని అందరూ అనుకునే వేళ వచ్చే తుపానులు నడి జనవరి తుపానుల కంటే ఒక్కోసారి చాలా ఉద్ధృతంగా ఉంటాయి. 1993 మార్చి 12న గల్ఫ్ పశ్చిమ భాగంలో, టెక్సాస్ తీరానికి దగ్గరగా ఏర్పడిన అల్పపీడనం మీద, ఆకాశంలో ఎత్తున వీచే రెండు జెట్ ప్రవాహాలు, అంటే ధ్రువ ప్రవాహమూ ఉపోష్ణ ప్రవాహమూ, కలిసిపోయాయి. మరునాటి తెల్లవారుజామున అది ఫ్లోరిడా పశ్చిమ భాగాన్ని దాటి, జార్జియా, కరోలినాల మీదుగా తూర్పు తీరం వెంట పైకి సాగింది. కేంద్రంలో పీడనం 960 మిల్లీబార్ల దాకా పడిపోయింది. అది బలమైన హరికేన్లలో కనిపించే పీడనం.

అప్పట్లో మేరీల్యాండ్‌లోని క్యాంప్ స్ప్రింగ్స్‌లో ఉన్న జాతీయ వాతావరణ కేంద్రంలో అంచనాలు వేసే విభాగానికి లూయిస్ ఉచెలీని నాయకత్వం వహించేవారు; తర్వాతి కాలంలో ఆయనే అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ అయిన నేషనల్ వెదర్ సర్వీస్‌కు డైరెక్టరు అయ్యారు. తుపాను ఇంకా పుట్టనైనా పుట్టకముందే, దాదాపు ఐదు రోజుల ముందు నుంచే, కంప్యూటర్ నమూనాలు తూర్పు తీరం మీద భారీ తుపానును చూపించసాగాయి. రోజు రోజుకూ నమూనా చెప్పేది మారకుండా నిలకడగా ఉండటంతో ఆయన బృందం దానిని నమ్మి, దేశమంతటికీ గట్టిగా చెప్పింది. మొదటి మంచు రేకు రాలకముందే కొన్ని రాష్ట్రాల గవర్నర్లు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అంతకు ముందు ఎన్నడూ అలా జరగలేదు.

ఎర్రమట్టి నేల

నేను ఆ తుపానును కళ్లారా చూసినవాడిని, కాబట్టి ఒక మాట చేరుస్తాను. 1991 నుంచి అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. ఆ వారంలో మా పెరట్లో చెట్లు అప్పటికే పూశాయి. శుక్రవారం సాయంత్రం టీవీలో మంచు గురించి చెబుతుంటే మా వీధిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మా ఊళ్లో మంచు అంటే అంగుళం, రెండంగుళాలు పడి మధ్యాహ్నానికి కరిగిపోయేది. శనివారం మధ్యాహ్నానికి 13 అంగుళాలు పడింది. మంచు పడుతుండగానే ఉరుములు ఉరిమాయి. మంచులో ఉరుము వినడం నా జీవితంలో అదే మొదటిసారి.

కరెంటు పోయి ఐదు రోజుల వరకు రాలేదు. ఆదివారం తెల్లవారి ఉష్ణోగ్రత 2 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 17 సెల్సియస్. అప్పటికి మా అమ్మాయికి ఎనిమిది నెలలు. మా ఇంట్లో అంతా కరెంటుతో నడిచే పొయ్యిలే. ఎదురింటి వృద్ధ దంపతులకు కట్టెలతో మండే చలిపొయ్యి ఉండటం వల్ల మమ్మల్ని తమ ముందు గదిలోకి తీసుకువెళ్లారు. నాలుగు రాత్రులు అక్కడే, మేం తెచ్చుకున్న బియ్యాన్ని వాళ్ల నిప్పుల మీద వండుకుని తిన్నాం. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. ప్రతి మార్చి పదమూడున వారిని తలచుకుంటాను.

ఐసోబారు గారు చెప్పినట్టు అంచనా అద్భుతమైనదే, కాదనను. కానీ మంచు ఎరుగని ఊరికి "పది అంగుళాలకు మించి" అనే మాట చేరినా, దాని అర్థం చేరలేదు. కరెంటు ఎన్ని రోజులు పోవచ్చో, ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలో ఎవరైనా చెప్పి ఉంటే వినేవాళ్లం.

దివిసీమ తీరం

ఎర్రమట్టి నేల గారూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఐసోబారు గారూ, మీ వివరణకు కృతజ్ఞతలు. అయితే ఉప్పెన సంగతి ఇంకా మిగిలే ఉంది.

ఐసోబారు

అవును, ఇప్పుడు దానికే వస్తున్నాను. కారణాలు మూడు కనిపిస్తున్నాయి. అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి.

నమూనాలు తూర్పు తీరం మీద తుపానును చక్కగా పట్టుకున్నాయి గాని, గల్ఫ్ మీద ఉన్న మొదటి పన్నెండు గంటలలో అది ఎంత వేగంగా బలపడుతుందో పట్టుకోలేకపోయాయి. సముద్రం మీద పరిశీలనలు తక్కువ. పైగా లెక్కలు కట్టడానికి ఆనాటి నమూనాలు భూమిని విభజించుకున్న గడులు చాలా పెద్దవి. ఫలితంగా, ఐదు రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఏం జరుగుతుందో తెలిసింది, మర్నాటి తెల్లవారుజామున ఫ్లోరిడాలో ఏం జరుగుతుందో సరిగా తెలియలేదు. వినడానికి వింతగా ఉంటుంది గాని, పెద్ద ఆకారాన్ని దూరం నుంచి చూడటం, చిన్న వివరాన్ని దగ్గర నుంచి చూడటం వేరు వేరు పనులు.

ఇక గాలి దిశ. తుపాను ముందు భాగాన ఒక ఉరుముల వరుస గల్ఫ్ మీదుగా దూసుకువచ్చి ఫ్లోరిడాలో సుడిగాలులను పుట్టించింది. అది దాటిపోయాక చాలామంది గండం గడిచిందనుకున్నారు. అసలు గండం ఆ వెనుకనే ఉంది: గాలి దిశ మారి నైరుతి, పశ్చిమాల నుంచి వీస్తూ, గల్ఫ్ నీళ్లను నేరుగా, కీటన్ బీచ్ ఉన్న బిగ్ బెండ్ తీరం మీదికి నెట్టింది. మీ అమ్మగారు కనిపెట్టినట్టు అక్కడ సముద్రపు అడుగు చాలా దూరం వరకు లోతు లేకుండా, దాదాపు చదునుగా ఉంటుంది. లోతైన చోట గాలి పైనీటిని నెడితే కిందినీరు వెనక్కి మళ్లి సర్దుకుంటుంది. లోతు లేని చోట అలా మళ్లే దారి ఉండదు కనుక నీరు పేరుకుని పైకి లేస్తుంది. కృష్ణా ముఖద్వారం దగ్గర జరిగిందీ ఇదే సూత్రం.

మూడోది పేరు. ఇదే అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. హరికేన్ అంటే ఆ తీరవాసులకు ఏం చేయాలో తెలుసు: కిటికీలకు చెక్కలు కొట్టి, కారులో పెట్రోలు నింపుకుని, లోపలి ఊళ్లకు వెళ్లిపోతారు. మార్చి నెలలో, "శీతకాలపు తుపాను" అనే పేరుతో, వార్తలన్నీ అట్లాంటా నుంచి బోస్టన్ దాకా పడబోయే మంచు గురించే చెబుతుంటే, ఫ్లోరిడా జాలరి తన ఇల్లు వదలాలని ఎలా అనుకుంటాడు? ఆ తుపానులో నీట మునిగి చనిపోయినవారి సంఖ్య అంతకు ముందరి హ్యూగో, ఆండ్రూ హరికేన్లు రెండింటిలో మునిగిపోయినవారి మొత్తం కంటే ఎక్కువ.

రారిటన్ ఒడ్డు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రాస్తున్నాను. పేరు గురించి, అంకె గురించి చర్చ వచ్చింది కాబట్టి 2017 మార్చి 14 తుపానును ఇక్కడ గుర్తు చేయడం అవసరం. న్యూయార్క్ నగరానికి 18 నుంచి 24 అంగుళాల మంచు పడుతుందని చెప్పారు. బడులు మూశారు, విమానాలు రద్దయ్యాయి. రాజమండ్రి నుంచి వస్తున్న మా అత్తమామలు మధ్యలో ఒక విమానాశ్రయంలో ముప్పై గంటలు కుర్చీల మీద గడిపారు. మామగారికి మధుమేహం, మందులు పెట్టెలో ఉండిపోయాయి. తీరా సెంట్రల్ పార్కులో పడింది 7.6 అంగుళాలు. తుపాను అనుకున్న దానికంటే కాస్త తీరానికి దగ్గరగా నడిచి, పైన వెచ్చని గాలి పొర చొరబడటంతో మంచు కాస్తా గట్టి పలుకులుగా మారి రాలింది.

అంకె తప్పడం నన్ను బాధించలేదు. ముందు రోజు మధ్యాహ్నానికే అంకె తగ్గవచ్చునని నిపుణులకు అనుమానం కలిగినా, చివరి నిమిషంలో మారిస్తే జనం ప్రమాదం తప్పిందనుకుంటారని భావించి పాత అంకెనే ఉంచారని తర్వాత వార్తల్లో వచ్చింది. నా దృష్టిలో అది సరికాదు. తెలిసినది తెలిసినట్టు చెప్పాలి. ఒకసారి దాచితే తర్వాత నిజం చెప్పినా నమ్మరు.

ఐసోబారు

మీ మామగారు పడిన అవస్థకు విచారిస్తున్నాను. మీ వాదనలో సగంతో ఏకీభవిస్తాను. మిగిలిన సగం ఏమిటంటే, ఆ రోజు తుపాను తప్పిపోలేదు, భారీ మంచు పడే చోటు మీ నుంచి కొద్ది దూరం జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న బింగమ్టన్‌లో రెండున్నర అడుగులకు పైగా మంచు పడింది. నగరంలో పడిన మంచు పలుకులు కూడా రోడ్లను సమానంగానే ప్రమాదకరం చేశాయి. అంకె తగ్గిస్తే "ఏమీ లేదట" అనే వదంతి గంటలో వ్యాపిస్తుందన్న భయం నిరాధారమైనది కాదు.

రారిటన్ ఒడ్డు

భయం నిరాధారం కాదని ఒప్పుకుంటాను, నిర్ణయాన్ని మాత్రం ఒప్పుకోలేను. "మంచు తగ్గవచ్చు, మంచు పలుకులు పెరగవచ్చు, ప్రయాణం అప్పుడూ ప్రమాదమే" అని మూడు ముక్కల్లో చెప్పవచ్చు. జనం ఆ మాత్రం అర్థం చేసుకోలేరనుకోవడమే పొరపాటు.

ప్లాట్ నది

ఒమాహా, నెబ్రాస్కా. ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని 2019 మార్చి 13, 14 తేదీల తుపాను గురించి రాస్తాను, ఎందుకంటే అందులో కూడా జనం చూస్తున్నది ఒకటి, వచ్చినది మరొకటి. కొలరాడోలో పీడనం రికార్డు స్థాయికి పడిపోయింది. వార్తలన్నీ డెన్వర్‌లో వీస్తున్న మంచు తుపాను మీదే ఉన్నాయి. మా దగ్గర మాత్రం వాన పడింది.

ఆ వాన ఎక్కడ పడిందో చూడండి. శీతకాలమంతా గడ్డకట్టి రాయిలా ఉన్న నేల, దాని మీద కరగని మంచు, నదుల మీద మందపాటి మంచు పలకలు. నేల ఒక్క చుక్కనూ పీల్చుకోలేదు. వాన నీరూ కరిగిన మంచు నీరూ కలిసి నదుల్లోకి పరుగెత్తి, ఆ పలకలను విరగ్గొట్టి మోసుకుపోయాయి. 14వ తేదీ తెల్లవారకముందు నయోబ్రారా నది మీద ఉన్న స్పెన్సర్ ఆనకట్ట ఆ పలకల తాకిడికి, వరదకు తెగిపోయింది. ఫ్రీమాంట్ పట్టణం చుట్టూ నీళ్లు చేరి ద్వీపమైపోయింది. ఆఫట్ వైమానిక స్థావరంలో మూడో వంతు మునిగింది. మేం స్నేహితులం పదిమందిమి కలిసి మా కార్యాలయపు సహోద్యోగి ఇంటి సామాను పై అంతస్తుకు మోశాం. కింది గదిలో నీళ్లలో పశువుల దాణా తేలుతూ ఉండటం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ప్రాంతంలో దూడలు పుట్టే కాలం అదే. ఎన్నో దూడలు కొట్టుకుపోయాయి. మా నాన్నగారు పాడి రైతు కనుక, ఆ రైతుల ముఖాలు చూస్తే నాకు మా ఊరే కనిపించింది.

చివరి శీతకాలపు తుపానును ఎన్ని అంగుళాల మంచు అనే ఒక్క కొలతతో చూడకూడదని నేను నేర్చుకున్నది అప్పుడే. కింద నేల ఎలా ఉందో కూడా చూడాలి.

వేపపూత

నాదొక చిన్న సందేహం. మేం వర్జీనియాలో ఉంటాం. మార్చిలో జాతీయ స్థాయి వాతావరణ అంచనా పటంలో మా ప్రాంతం ఎర్రగా, "సాధారణం కంటే వెచ్చన" అని కనిపిస్తే నిశ్చింతగా కూరగాయల నారు బయట నాటాను. తొమ్మిది రోజులకు మంచు పడి అంతా మాడిపోయింది. పటం తప్పా, నేను చదవడం తప్పా?

ఐసోబారు

మీలాగే చాలామంది చదువుతారు, అది మీ తప్పు కాదు. ఎనిమిది నుంచి పద్నాలుగు రోజుల పటంలో ఉండే రంగు ఎంత వేడి ఉంటుందో చెప్పదు, అవకాశం ఎంతో చెబుతుంది. 1991 నుంచి 2020 వరకు గల రికార్డును చల్లన, మామూలు, వెచ్చన అనే మూడు సమాన భాగాలు చేస్తారు. ఏమీ తెలియనప్పుడు ఒక్కో భాగానికి 33 శాతం అవకాశం. ముదురు రంగు ఉండి 60 శాతం అని రాసి ఉంటే, ఆ వారం సగటు వెచ్చని భాగంలో పడే అవకాశం పదింట ఆరు అని మాత్రమే అర్థం. మిగిలిన నాలుగు పాళ్లు అలాగే ఉన్నాయి. పైగా అది ఏడు రోజుల సగటు: ఐదు వెచ్చని రోజుల మధ్య రెండు గడ్డకట్టే రాత్రులు ఉన్నా సగటు వెచ్చగానే వస్తుంది, నారు మాత్రం ఆ రెండు రాత్రుల్లోనే పోతుంది. 2017 మార్చిలో వాషింగ్టన్‌లో ముందుగా విచ్చుకోబోయిన చెర్రీ పూతలో దాదాపు సగం ఇలాగే చలికి మాడింది.

తుపాను మూడు రోజుల దూరంలోకి వచ్చాక చూడవలసింది వేరే పటం. ఇప్పుడు కాలేజ్ పార్కులో ఉన్న జాతీయ అంచనా కేంద్రం మంచుకు ఒకే అంకె కాకుండా, ఎక్కువలో ఎక్కువ, తక్కువలో తక్కువ అంచనాలను కూడా ప్రకటిస్తుంది; పడేది ఎక్కువ అంకెను మించే అవకాశం పదింట ఒకటి, తక్కువ అంకె కంటే తగ్గే అవకాశం పదింట ఒకటి. రారిటన్ ఒడ్డు గారు అడిగిన నిజాయితీ ఇదే అనుకుంటాను. రెండింటి మధ్య దూరం ఎక్కువగా ఉంటే, నిపుణులకే ఇంకా స్పష్టత లేదని గ్రహించి ప్రయాణం గురించి ఆలోచించుకోవాలి.

ఎర్రమట్టి నేల

దీనికి తోడు ఒక జాగ్రత్త. మార్చి మంచు తడిగా, బరువుగా ఉంటుంది, కొమ్మలనూ తీగలనూ తెంపుతుంది కనుక కరెంటు పోతుందని ముందే అనుకోండి. జనరేటరును ఇంట్లోగానీ గరాజులోగానీ నడపకండి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మన దేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను మంచు ఎత్తనివ్వకండి. సరదాగా పార పట్టుకుని గుండెపోటుతో కూలిన ఒక పెద్దాయనను నాకు తెలుసు.

దివిసీమ తీరం

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తం నిన్న రాత్రి మా అమ్మగారికి చదివి వినిపించాను. పేరు గురించి ఐసోబారు గారు రాసిన దగ్గర ఆవిడ నన్ను ఆపి, "వీళ్ల భాషలో ఉప్పెనకు వేరే పేరు లేదా?" అని అడిగారు. ఉంది, కానీ అందులోనూ తుపాను అనే మాట కలిసే ఉంటుందని చెప్పాను. మన తీరంలో గాలి వేరు, ఉప్పెన వేరు. గాలికి ఇంటి కప్పు పోతుంది, ఉప్పెనకు ఊరు పోతుంది. ఈ తేడా మా అమ్మమ్మకు చదువు లేకపోయినా తెలుసు. అయినా 1977లో తెలియడం ఒక్కటే సరిపోలేదు. ఆ రాత్రి పరుగెత్తి ఎక్కడానికి ఎత్తైన చోటు లేకపోయింది.

ఐసోబారు గారికి ఒక చివరి ప్రశ్న. ఇప్పుడు మళ్లీ మార్చిలో అలాంటి తుపానే వస్తే, కీటన్ బీచ్‌లో ఉన్నవారికి ఏ పేరుతో హెచ్చరిక వస్తుంది?

ఐసోబారు

2017 నుంచి హరికేన్లకు ఉప్పెన హెచ్చరిక అని ప్రత్యేకంగా జారీ చేస్తున్నారు, కానీ అది ఉష్ణమండల తుపానులకు సంబంధించినది. శీతకాలపు తుపానుకు నేషనల్ వెదర్ సర్వీస్ వారి మీ స్థానిక కార్యాలయం "తీర వరద హెచ్చరిక" అనే పేరుతో ఇస్తుంది. సముద్రం ఎంత లేస్తుందో లెక్కగట్టే నమూనా ఇప్పుడు శీతకాలపు తుపానులకు కూడా నడుస్తోంది, గల్ఫ్ మీద ఉపగ్రహాల చూపు 1993తో పోల్చలేనంత మెరుగైంది, కనుక నీరు ఎన్ని అడుగులు వస్తుందో ఆ హెచ్చరికలో రాసి ఉంటుంది. మీరు చూడవలసింది శీర్షికను కాదు, లోపల రాసిన ఆ అడుగులను. మీరు తాలహాసీలో లోపలికి ఉన్నారు కాబట్టి మీకు భయం లేదు. ఆ చేపలు పట్టే పెద్దాయన ఫోన్ నంబరు తీసుకున్నారా?

దివిసీమ తీరం

తీసుకోలేదు. ఈ శనివారం అమ్మతో మళ్లీ వెళ్తున్నాం.